పేరు పలకని తాడు

మా ఉచ్ బుగూ మేతమైదానంలో గాలి సంగతి ముందే చెప్పాలి. ఓ సోమవారం ఎగిరిపోయిన నా టోపీ మంగళవారానికి మా బావమరిది నెత్తిమీద దిగింది. బావమరిది ఉండేది రెండు కనుమల అవతల. టోపీ అతనికి సరిగ్గా సరిపోయింది. అందుకే తిరిగి ఇవ్వలేదు.

అలాంటి చోట ఉన్ని గుడారంలో కాపురం చేయాలంటే ఒక తాడు కావాలి. గుడారం నెత్తిన ఉన్న కొయ్యచక్రం నుంచి లోపలికి వేలాడుతుంది అది. గాలి లేని రోజున చుట్ట చుట్టి పైన వాసాల మధ్య దోపేస్తాం. గాలి లేస్తే కిందికి లాగి, ఇంట్లో ఎవరుంటే వాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడతాం. ఇంకా లేస్తే మధ్యలో మేకు దిగ్గొట్టి దానికి కడతాం. మా భాషలో దాన్ని జెల్-బో అంటారు. జెల్ అంటే గాలి, బో అంటే తాడు. గాలితాడు. ఆ మాట పుట్టుక అంతే, బడికి వెళ్ళనివాడికి కూడా అర్థమవుతుంది. ఈ చిన్న ముక్కని నలభై రెండు పేజీలకి సాగదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఒకరు నగరంలో బాగా చదువుకున్న పిల్ల. రెండో మనిషిని నేను.

నా పేరు జెల్‌దెన్. నేను పుట్టిన రోజున బయట గాలి ఊళ వేస్తుంటే, లోపల మా అమ్మ ఈ తాడే పట్టుకుని నొప్పులు పడిందట. ముందు గుడారం లేస్తుందో, ముందు నేను బయటపడతానో మంత్రసానికి కూడా తెలియలేదట. అందుకని గాలి పేరే పెట్టారు. పేరు బాగానే ఉంది, నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నన్ను చేసుకున్నదానికీ, మా ఇంటికి వచ్చిన కోడళ్ళకీ.

మా ఆడవాళ్ళు భర్త పేరు గానీ అత్తింటి మగవాళ్ళ పేరు గానీ నోటితో అనరు. పేరు ఒక్కటే అయితే ఫరవాలేదు, ఆ పేరులో దాగిన మాటని కూడా అనరు. మామ పేరులో రాయి ఉంటే ఆ కోడలు చచ్చేదాకా రాయిని రాయి అనదు, 'గట్టిది' అంటుంది. నా పేరులో గాలి ఉంది. కాబట్టి మా ఆవిడ అనిపా నా గుడారంలో కాలు పెట్టినప్పటి నుంచి, అంటే నలభై నాలుగేళ్ళుగా, గాలి అనే మాట అనలేదు. దాని బదులు 'మొండోడు' అంటుంది. మా అబ్బాయి బడిలో చేరిన ఏడు, చెట్టు ఎందుకు ఊగుతుందని టీచరు అడిగితే 'మొండోడొచ్చాడు' అన్నాడట. టీచరు కిటికీలోంచి తొంగి చూసిందట, ఎవరొచ్చారా అని.

మైదానంలో మావి మూడు గుడారాలు. నాదొకటి, మా అబ్బాయిదొకటి, మా తమ్ముడిదొకటి. వేసవిలో మగవాళ్ళు గుర్రాలతోనూ గొర్రెలతోనూ పైకి పోతారు. కింద మిగిలేది అయిదుగురు ఆడవాళ్ళు, ఒక్క నేను. ఆ అయిదుగురూ ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు ఆ తాడుకి. మా ఆవిడ 'మొండోడి పగ్గం' అంటుంది. మా కోడలు సోనూన్ 'ఊదేదాని తాడు' అంటుంది. మా తమ్ముడి పెళ్ళాం ఊల్‌బాలా 'ఎగరనివ్వనిది' అంటుంది. తమ్ముడి పెద్దకోడలు తుర్సున్‌కి కొంచెం కవిత్వం ఎక్కువ, 'ఆకాశం తోక' అంటుంది. చిన్నకోడలు బూబూ కొత్తది, భయస్తురాలు, 'తాతగారి తాడు' అనేస్తుంది. ఇందులో తాతగారు ఎవరో చెప్పనక్కర్లేదు.

ఒక వేసవిలో ఫ్రూంజె నగరం నుంచి నజీరా అనే అమ్మాయి దిగింది. ఇరవై ఆరేళ్ళు, మెడలో దారానికి రెండు పెన్సిళ్ళు, చంకలో లావుపాటి నోటుపుస్తకం. గుడారాల్లో వాడే తాళ్ళకి ఏ పేరు ఎలా వచ్చిందో రాసుకుంటానంది. వచ్చీ రాగానే ఆడవాళ్ళని అడిగింది.

"గాలితాడు ఏదమ్మా మీ గుడారంలో?"

ఆడవాళ్ళు చెవులదాకా ఎర్రబడ్డారు. ఊల్‌బాలా రుమాలు అంచు నోట్లో కుక్కుకుంది.

"అలాంటిది మా దగ్గర లేదు తల్లీ," అంది మా అనిపా.

"మరి ఇంత ఎత్తున, ఇంత విసురుకి గుడారం ఎలా నిలుస్తుంది మామ్మా?"

"మొండోడి పగ్గం ఉందిగా."

అంటూ గడ్డంతో పైకి చూపించింది. మా దగ్గర పెద్దవాళ్ళ ముందు వేలెత్తి చూపడం మర్యాద కాదు, గడ్డంతోనే చూపిస్తారు. గడ్డంతో చూపిస్తే పైన ఉన్న ఏ తాడైనా కావచ్చు. పైన తాళ్ళకి కొదవా? నెత్తిచక్రం మీద వానకీ చలికీ కప్పే చదరపు ఉన్నిముక్క ఉంటుంది, దాని నాలుగు మూలలకీ బయటికి దిగే నాలుగు తాళ్ళు. మధ్యలో మన గాలితాడు. మొత్తం అయిదు. నజీరా ఒక్కో గుడారానికీ వెళ్ళి ఒక్కో ఆడమనిషినీ విడివిడిగా అడిగింది. అయిదు పేర్లు వచ్చాయి. అయిదు తాళ్ళూ కళ్ళెదుట ఉన్నాయి. ఇంకేం కావాలి?

పేర్లు దొరికాక వాటి పుట్టుక కోసం నా దగ్గరికి వచ్చింది. నేను గుమ్మం ముందు కూర్చుని కళ్ళెం కుట్టుకుంటున్నాను.

"తాతయ్యా, మొండోడి పగ్గానికి ఆ పేరెలా వచ్చిందో మీకేమన్నా తెలుసా?"

ఇప్పుడు చెప్పండి. ఆ మొండోడిని నేనేనమ్మా అని పరాయిపిల్లతో ఎవడైనా చెప్పుకుంటాడా? పైగా రెండేళ్ళ కిందట ఇలాగే ఒకాయన నోటుపుస్తకంతో వచ్చి, పిల్లల పుస్తకం కోసమని నా చేత కథలు చెప్పించుకుని, భుజం తట్టి వెళ్ళాడు. ఈ పిల్లదీ అదే పనేమో అనుకున్నాను.

"తెలియకేం," అన్నాను. "పూర్వం ఈ లోయలు ఏలిన ఒక ఖాన్‌కి మొండి ఒంటె ఉండేది. కనుమ దాటనని కూలబడింది. ఖాన్‌కి కోపమొచ్చి దాని పగ్గం తెచ్చి తన గుడారం నెత్తిచక్రానికి కట్టి, నువ్వెలా కదలవో చూస్తానని లోపల పడుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే ఖాన్, ముగ్గురు పెళ్ళాలు, పొయ్యి మీద పాలగిన్నెతో సహా కనుమకి అవతల ఉన్నారు."

"పాలు ఒలికాయా?" అంది రాసుకుంటూనే.

"మీగడ కూడా చెదరలేదు."

అంతటితో ఆగానా? మర్నాడు ఆకాశం తోక గురించి అడిగితే, ఆకాశం మా గుర్రప్పాల సారా వాసనకి కిందికి దిగి, తాగి ఒక గుడారం మీద నిద్రపోయిందనీ, లేచి వెళ్ళేటప్పుడు తోక చక్రంలో ఇరుక్కుందనీ చెప్పాను. తాతగారి తాడుకి, నూట ఇరవయ్యేళ్ళు బతికి దూదిలా తేలికైపోయిన ఒక ముసలాయన్ని సృష్టించాను. పిల్లలు ఆయన నడుముకి తాడు కట్టి గాలిపటంలా ఎగరేసేవాళ్ళు, మధ్యాహ్నం భోజనానికి దించేవాళ్ళు. ఎగరనివ్వనిదానికి ఒక లావుపాటి అత్తగారూ, ఊదేదాని తాడుకి ఒక పిల్లనగ్రోవివాడూ తగిలారు. గుర్రాల కట్టుతాళ్ళ గురించి అడిగితే వాటికీ చెప్పాను. నజీరా నవ్వుతూ అన్నీ రాసుకుంది. మా అనిపా పాలు పితుకుతూ విని, "నీ నాలుక్కి కట్టాలి ఆ పగ్గం," అని గొణిగింది.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను ఆ సంగతే మరిచాను.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చింది, ఈసారి పెట్టెతో. వారం రోజులుండి, వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం టీకి మమ్మల్నందరినీ నా గుడారంలో కూర్చోబెట్టింది. అయిదుగురు ఆడవాళ్ళూ వచ్చారు. నజీరా పెట్టె తెరిచి టైపు చేసిన కాగితాల కట్ట తీసింది. ముఖం వెలిగిపోతోంది.

"మీ దయవల్ల పూర్తయింది. మిగతా లోయలన్నిట్లో గుడారానికి ఒక్క గాలితాడే. మీ ఉచ్ బుగూలో ఆ మాటే లేదు. దాని బదులు అంతకన్నా పాతకాలపు అయిదు తాళ్ళ పద్ధతి ఉంది. ఇది ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు!"

అంటూ బొమ్మ చూపించింది. గుడారం బొమ్మ ముచ్చటగా ఉంది. పడమటి మూలతాడు పక్కన 'మొండోడి పగ్గం', ఉత్తరానికి 'ఎగరనివ్వనిది', తూర్పుకి 'ఊదేదాని తాడు', దక్షిణానికి 'తాతగారి తాడు', మధ్యలో 'ఆకాశం తోక'. తర్వాత చదవడం మొదలుపెట్టింది. ఖాన్ ఒంటె కథ వ్యాపారుల బిడారుల కాలం నాటిదట. ఆకాశం తాగి పడిపోవడం పూర్వీకులు ఆకాశాన్ని పూజించిన రోజుల జ్ఞాపకమట. నా గాలిపటం ముసలాయన చనిపోయిన పెద్దలకి మొక్కే ఆచారమట.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను చేతిలో రొట్టె కింద పెట్టేశాను.

"ఇది... పిల్లల పుస్తకమేనా అమ్మాయ్?"

"పిల్లల పుస్తకమేంటి తాతయ్యా! ఇది నా థీసిస్. ఏడుగురు పెద్దలు కూర్చుని నన్ను ప్రశ్నలు వేస్తారు. వాళ్ళు ఒప్పుకుంటేనే పట్టా. ఇప్పటికి రెండుసార్లు గడువు పొడిగించారు. సోమవారం కాగితాలు అందకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నేను మళ్ళీ ఉన్ని గిడ్డంగికి పోయి మూటలకి చీటీలు అంటించుకోవాలి. నాలుగేళ్ళు అంటించాను, ఇప్పటికీ జిగురు వాసన వస్తే ముక్కు మూసుకుంటాను." కాగితాల కట్టని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "రేపు మధ్యాహ్నం లారీలో వెళ్ళిపోతున్నా. ఇంక భయం లేదు."

 ఆ ఏడుగురిలో ఒక్కడు గుడారంలో పుట్టినవాడున్నా చాలు, ఈ పిల్ల పరువు పోతుంది.

"అమ్మాయ్, అది ఇవ్వకు," అన్నాను. "అవి అయిదు తాళ్ళు కావు. ఒకటే తాడు. గాలితాడు. నా పేరు జెల్‌దెన్. గాలి నా పేరులో ఉందని వీళ్ళెవరూ ఆ మాట అనరు. అందుకే తలా ఒక పేరు పెట్టుకున్నారు. ఖాన్ లేడు, ఒంటె లేదు. అంతా నా కల్పన."

నజీరా ఒక్క క్షణం నా వంక చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

"అబ్బ, ఇది అన్నిటికన్నా బావుంది తాతయ్యా! ఉండండి, ఆరో కథ కింద రాసుకుంటా." మెడలోని పెన్సిల్ అందుకుంది.

"కథ కాదే తల్లీ, నిజం!"

"ఒంటె కథప్పుడు కూడా ఇలాగే నిజమన్నారు. మీసం మీద చెయ్యేసి మరీ అన్నారు."

"నా పేరు నిజంగా జెల్‌దెన్."

ఏడాదిగా ఆ పిల్ల నన్ను తాతయ్యా అనే పిలుస్తోంది. నా పేరు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? అక్కడున్న వాళ్ళలో ఆ పేరు పలకగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే.

"మామ్మా, తాతయ్య పేరు జెల్‌దెనా?" అని మా అనిపాని అడిగింది.

అనిపా చప్పున పక్కకి తిరిగిపోయింది.

"నాకేం తెలుసు?" అంది.

"నలభై నాలుగేళ్ళు కాపురం చేసి తెలియదా మామ్మా?"

"తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు."

"తలన్నా ఊపవే!" అని అరిచాను నేను.

"తల ఊపినా అన్నట్టే. ఈ వయసులో నా చేత పాపం చేయించకు ముసలాయనా."

సోనూన్ వైపు తిరిగాను. సోనూన్ కుండ కడగడానికని లేచిపోయింది. ఊల్‌బాలాకి దగ్గొచ్చింది. తుర్సున్ పైకి చూస్తోంది. బూబూ కళ్ళు మూసుకుంది.

"పాస్‌పోర్టు చూపించండి పోనీ," అంది నజీరా నవ్వాపుకుంటూ.

నా గుర్తింపు పుస్తకం, ఆ పాస్‌పోర్టు, కింద చలికాలపు ఇంట్లో, పరుపు మడతలో ఉంది. గుర్రం మీద వెళ్ళి రావాలంటే రెండు రోజులు. ఆ మాట చెబితే, "అది కూడా కథలో భాగమేగా!" అని మళ్ళీ నవ్వింది. జీవితంలో ఒక్కసారి నిజం చెబుదామని నోరు తెరిస్తే నా గతి ఇదీ.

ఆ సాయంత్రం అనిపా వెంట పడ్డాను.

"ఒక్కసారి అనవే. చెవిలో అను. ఆ పిల్ల బతుకు సంగతి ఇది."

"నేనేమన్నా కథలు చెప్పానా? నేను ఉన్నమాటే చెప్పాను. మొండోడి పగ్గం అంటే మొండోడి పగ్గమే. చెడగొట్టింది నువ్వు, బాగుచేయాల్సింది నువ్వే."

"పోనీ, నాకు బదులు మా తమ్ముడి పేరు అనుకుని..."

"మరిదిగారి పేరు కూడా అనను. పో, పడుకో."

మర్నాడు పొద్దున్న ఆకాశం తోమిన కంచు పళ్ళెంలా ఉంది. నజీరాని సాగనంపడానికని ఆడవాళ్ళంతా నా గుడారంలోనే చేరి, పొయ్యి మీద బాణలి పెట్టి నూనెలో పిండిముక్కలు వేయిస్తున్నారు. పెట్టె కట్టేసి గుమ్మం దగ్గర ఉంది. బొమ్మ ఒక్కటి మాత్రం నజీరా చేతిలో ఉంది, లెక్క సరిచూసుకుంటోంది. అప్పుడు గుమ్మం ముందు కట్టేసిన గుర్రాలు ఒక్కసారిగా తోకలు గాలికి తిప్పి నిలబడ్డాయి. మాకు అదొక్క గుర్తు చాలు.

"బాణలి దించండి!" అన్నాను.

నేలకి దించారో లేదో, గాలి కొట్టింది. గుడారం పక్క ఒకటి లోపలికి పొట్టలా ఉబ్బింది, వాసాలు కిరకిరలాడాయి, నెత్తిచక్రం వణికింది. ఆడవాళ్ళంతా ఒకేసారి లేచారు. మా అనిపాకి దగ్గరగా నిలబడింది నజీరా.

"మొండోడి పగ్గం పట్టుకో పిల్లా! మొండోడి పగ్గం!" అని అరిచింది అనిపా.

మధ్యలో ఆ తాడు చుట్ట విప్పుకుని నజీరా ముక్కు ముందే ఊగుతోంది. కానీ నజీరా చూసింది తాడు వంక కాదు, బొమ్మ వంక. మొండోడి పగ్గం అంటే పడమటి మూల. బయట. ఆ పిల్ల ఊరికే చదువుకోలేదు. ఒక్క ఉదుటున గుమ్మంలోంచి బయటికి పరిగెత్తి, పడమటి మూలతాడు ముడి విప్పి, గట్టిగా పట్టుకుందామని చేతికి చుట్టుకోబోయింది. గాలి ఆ తాడుని ఆమె చేతిలోంచి ఎత్తుకుపోయింది. పైనున్న ఉన్నిముక్క రెక్కలా లేచి వెనక్కి పడింది. ఇప్పుడు గాలి పైనుంచి కూడా లోపలికి దిగింది. పొయ్యిలో బూడిద అంతా లేచింది. గుడారం ఊపిరి పీల్చుకుని, పాదాలెత్తి నిలబడింది.

నేను బయటికి దూకి నజీరా చొక్కా చేయి పట్టి లోపలికి ఈడ్చుకొచ్చాను.

"పట్టుకో!"

"ఏది తాతయ్యా, ఏది?"

"మొండోడి పగ్గం!" అని అనిపా.

"ఊదేదాని తాడు వదలకండి!" అని సోనూన్.

"ఎగరనివ్వనిదాన్ని కిందికి లాగండే!" అని ఊల్‌బాలా.

"ఆకాశం తోక జారుతోంది!" అని తుర్సున్.

"తాతగారి తాడూ! తాతగారి తాడూ!" అని బూబూ ఏడుపు.

అయిదుగురూ అరుస్తూ ఒకే తాడుకి వేలాడుతున్నారు. ఒకరి చేతి మీద మరొకరి చేయి, పది చేతులు. పైన నావి రెండు. ఖాళీ ఉన్న జానెడు చోటులో నజీరా చేతులు పెట్టించాను. గుడారం ఒక్క ఎగురు ఎగిరింది. మేం ఏడుగురం నేల మీంచి మూరెడు లేచామని నేనంటాను. జానెడే అంటుంది ఊల్‌బాలా. ఆవిడకి కొలతలు రావు.

నజీరా వేలాడుతూనే చేతుల వంక చూసింది. తర్వాత ఒక్కొక్కరి నోటి వంక చూసింది. మళ్ళీ చేతుల వంక చూసింది. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని నాకు తెలుసు. అయిదు పేర్లు, ఒక తాడు.

మా గాలి వచ్చినంత తొందరగానూ పోతుంది. అరగంటలో ఆకాశం మళ్ళీ ఏమీ ఎరగనట్టు తెల్లబడింది. మేం బూడిదలోనూ పిండిలోనూ కూలబడ్డాం. ఎవరూ తాడు వదల్లేదు.

"సోనూనక్కా, నీ చేతిలో ఉన్నదేమిటి?" అంది నజీరా మెల్లగా.

"ఊదేదాని తాడు."

"బూబూ, నీ చేతిలో?"

"తాతగారి తాడు," అంది బూబూ ముక్కు చీదుతూ.

"మామ్మా?"

"చెప్పాగా నిరుడు. నేనేం అబద్ధం చెప్పలేదు."

"గాలితాడని ఎందుకనరు మామ్మా?"

అయిదు రుమాళ్ళు అయిదు ముఖాల మీదికి వచ్చాయి. రుమాళ్ళ పైనుంచి పది కళ్ళు నా వైపు తిరిగాయి. నజీరా కూడా తిరిగింది.

"తాతయ్యా, మీ పేరేమిటి?"

"నిన్న చెప్పాను."

"మళ్ళీ చెప్పండి."

"జెల్‌దెన్."

ఈసారి నవ్వలేదు. ముఖాన బూడిద మీద రెండు చారలు దిగాయి. నవ్వితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

"మరి ఖాన్?"

"లేడు."

"ఒంటె?"

"లేదు."

"ఆకాశం?"

"ఆకాశం ఉంది. తాగలేదు."

"నూట ఇరవయ్యేళ్ళ ముసలాయన?"

"నాకు అరవై ఆరు," అన్నాను.

"నిరుడు ఎందుకు చెప్పలేదు తాతయ్యా? ఒక్క ముక్క చెబితే సరిపోయేదిగా!"

దీనికి నా దగ్గర కథ లేదు. "నువ్వు నవ్వుతుంటే బాగుందమ్మా," అన్నాను. "ఈ వయసులో నా మాట కాగితం మీద పెట్టుకునేవాళ్ళు ఎవరున్నారు?"

అనిపా చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పిల్ల ముఖం కడిగింది. నాకు మాత్రం నీళ్ళివ్వలేదు.

అప్పుడే లారీ వచ్చింది. డ్రైవర్ కస్మాలీ హారన్ కొట్టుకుంటూ దిగి, ఊడిన పైకప్పు చూసి, "ఏం పెద్దాయనా, కిటికీ పెద్దది చేయించావా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పెట్టె ఎత్తి లారీలో పెట్టాడు. నజీరా ఎక్కి వాడి పక్కన కూర్చుంది. కాగితాలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. సోమవారం లోపు అందుతాయి. పడమటి మూల తాడు పేరేమిటో ఆ ఏడుగురిలో ఎంతమందికి తెలుసు? బహుశా ఎవరికీ తెలియదు. ఆ సంగతి నాకూ తట్టింది, ఆమెకీ తట్టిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

కస్మాలీ బండి స్టార్ట్ చేశాడు. నజీరా తల బయటికి పెట్టింది.

"తాతయ్యా, మూడో అధ్యాయం గుర్రాల కట్టుతాళ్ళ గురించి. అందులో నాలుగు పేర్ల పుట్టుక మీరే చెప్పారు. అవి?"

నేను టోపీ సర్దుకున్నాను.

"ఒకటి నిజం," అన్నాను.

"ఏది?"

"చూస్తే గానీ చెప్పలేను. చాలా కాలమైంది."

నజీరా కళ్ళు మూసుకుంది. తర్వాత తలుపు తెరిచి దిగింది.

"పెట్టె దించు కస్మాలన్నా."

"ఇప్పుడేగా ఎక్కించాను! ఏం అమ్మాయ్, నీకు నగరం వద్దా? నేను మళ్ళీ పదిరోజులకి గానీ రాను!"

"పదిరోజులే కావాలి. ఒక చీటీ రాసిస్తా, మా ప్రొఫెసర్‌గారికి అందించు."

చీటీ లారీ బానెట్ మీద పెట్టి నిలబడే రాసింది. రాసి నాకు వినిపించింది, ఇందులోనైనా నా కథ ఏదీ చొరబడలేదని నేను ఒప్పుకోవాలని కాబోలు. 'అయిదు తాళ్ళు లేవు. నేను పొరబడ్డాను. ఒకటే తాడు ఉంది, దానికి అయిదు పేర్లు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది. ఇది మొదటిదానికన్నా మంచి సంగతి. గడువు ఇస్తే రాస్తాను, ఇవ్వకపోతే గిడ్డంగికి వెళతాను. తప్పు మాత్రం ఇవ్వలేను.' అంతే. కస్మాలీ ఆ కాగితం టోపీలో పెట్టుకుని, మా మైదానపు నీళ్ళలోనే ఏదో ఉందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ చీటీ పనిచేసిందని తర్వాత తెలిసింది. పదిరోజులు ఇచ్చాననీ, పదకొండో రోజు అడగవద్దనీ ఆ ప్రొఫెసర్ జవాబు రాశాడట. వసంతంలో ఏడుగురూ కూర్చుంటే, ఒక ముసలాయన ససేమిరా నమ్మనని మొండికేశాడట. ఆరుగురు ఒప్పుకున్నారు. పట్టాకి ఆరుగురు చాలు. నమ్మనన్నాయనది మా జిల్లాయేనట, నా కథలు విన్నవాడేమో. ఏ ఊరో నేను అడగలేదు.

లారీ వెళ్ళాక నజీరా గుడారంలోకి పోయి నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. నేను పక్కన చేరి, సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాను.

"మీరు కాదు తాతయ్యా," అంది. "మీరుంటే వీళ్ళు ఏ మాటా అనలేరు. గాలికీ, మీ తమ్ముడికీ, మీ నాన్నకీ ఆ మారుపేర్లు ఎందుకు పెట్టారో మీ ముందు చెప్పలేరు. మీరు బయటికి వెళ్ళండి."

"నా గుడారంలోంచి నన్నే పొమ్మంటావా?"

"వెళ్ళి పైకప్పు కుట్టు," అంది అనిపా. "ఇవాళ మా వంతు."

పదిరోజులూ అదే వరస. నేను ఆ ఉన్నిముక్క ఒళ్ళో వేసుకుని గుమ్మం బయట కూర్చుని సూది దూరుస్తుంటే, లోపలి నుంచి అనిపా గొంతు, తర్వాత పెన్సిల్ గీకుడు, తర్వాత ఆరుగురి నవ్వు. ఏమన్నారే అని అడిగితే ఎవరూ చెప్పరు. మూడో రోజున మాత్రం బూబూ గొంతు వినిపించింది. ఆ భయస్తురాలు ఏమందో గానీ, లోపల అంతా నేల మీద పడి దొర్లుతున్నట్టు నవ్వారు. నజీరా నవ్వు అన్నిటికన్నా పైన వినిపించింది.

నేను చెవి ఉన్నిగోడకి ఆనించాను. లోపలి నుంచి ఎవరో గోడ మీద, సరిగ్గా నా చెవి ఉన్నచోట, చేత్తో చరిచారు.